డిలీటైన మెసేజ్‌లో ఏముంది?

విజయనగరంలో మేము పదో తరగతి చదివింది 2017–18లో. బడికి ఫోన్ తేవడం నిషేధం. ఇంటికెళ్తే అమ్మ ఫోన్ మా చేతుల్లోనే. మిగతా మాస్టార్లు చదువు అటకెక్కుతుందని గదమాయిస్తుంటే, మా తెలుగు మాస్టారు మాత్రం ఆ ఫోన్‌లోంచే హోంవర్క్ తీసేవారు.

దసరా సెలవులకు ఇచ్చిన పని: మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మకు జరిగే సిరిమాను సంబరం మీద ఒక్క ట్వీట్. అప్పటికి ట్విట్టర్‌లో హద్దు 140 అక్షరాలు. తెలుగులో గుణింతాల గుర్తులూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి రెండు వాక్యాలకే చోటు నిండిపోయేది. మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే పొడవాటి చెట్టు మాను, దాని పైన కూర్చున్న పూజారి, కింద ఇసకేస్తే రాలని జనం... ఇదంతా ఎక్కడ పడుతుంది? ‘అంగరంగ వైభవంగా’ మొదటి దెబ్బకే ఎగిరిపోయింది. చివరికి నేను మాను మీదికి జనం విసిరే అరటిపళ్ల గురించే రాశాను. నవంబర్‌లో ట్విట్టర్ హద్దును 280కి పెంచింది. మాకూ పెంచమని మాస్టారిని బతిమాలాం. “ఆళ్లు పెంచుకుంటే పెంచుకోనీండ్రా, మీకు మాత్రం 140యే” అన్నారు.

అన్నీ ఇలా కుదరలేదు. 24 గంటల్లో మాయమయ్యే స్టేటస్ రాయమంటే అందరం సినిమా డైలాగులు దించాం. ఎమోజీలతో కథ చెప్పడం సరదాకే తప్ప ఎందుకూ పనికిరాలేదు.

పొద్దున్నే వచ్చే గులాబీల గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్‌లను మాత్రం అంతవరకూ వెక్కిరించేవాళ్లం. అవి పంపేవాళ్ల గురించి రాయమన్నారు మాస్టారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న గురించి రాసింది. ఆయన హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. రాయడం పెద్దగా రాదు. తెల్లారేలోగా గులాబీ వచ్చిందంటే లేచాడు, ఒంట్లో బాగానే ఉందని ఇంట్లో అర్థం. ఒకరోజు రాకపోతే వాళ్లమ్మ పొయ్యి వెలిగించకుండా ఫోన్ పట్టుకుని కూర్చుందట.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని అవతలివాళ్ల ఫోన్‌లోంచి కూడా తీసేసే వీలు వచ్చింది ఆ ఏడాదే. “అందులో ఏటుండొచ్చు? తీసేశాక టెన్షన్ ఎవరికి?” ఇదీ మాస్టారి ప్రశ్న. వ్యాసమంటేనే పారిపోయే మా వెనక బెంచీ వాడు రెండు పేజీలు రాశాడు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా. తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో అన్నని తిట్టి, వెంటనే తీసేశాడు. అన్న చూడలేదు. చూసినవాళ్లు తలోరకంగా చెప్పారు. చిన్న తిట్టు కాస్తా నాలుగు నోళ్లలో పడి పెద్దదైపోయింది. మాస్టారు అంతా చదివి, “తిట్టేటో రాయలేదు చూడు, అదీ కథంటే” అన్నారు.

మేము ఊరుకుంటామా? “ఇంతకీ ఏమని తిట్టాడ్రా?” అని ఆ మధ్యాహ్నమంతా వాడి వెంటపడ్డాం. వాడు నోరు విప్పలేదు. ఈసారి మా బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వస్తే మాత్రం వదిలేది లేదు.