ఒక ఉకులేలే, ఒక గొంతు: హొనొలులూ నుంచి మాకువా దాకా

హవాయి రాజధాని హొనొలులూలో దిగగానే అందరూ వైకికీ తీరానికి వెళతారు. నేను ముందుగా వెళ్లింది సౌత్ స్ట్రీట్‌లోని కమాకా ఉకులేలే తయారీశాలకు. 1916 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న సంస్థ అది. ఉకులేలే అంటే గిటార్‌లా ఉండే చిన్న తీగవాద్యం. ఏళ్ల తరబడి ఆరబెట్టిన కోఆ అనే హవాయి చెట్టు చెక్కను పలుచగా కోసి, వేడి మీద వంచి వాద్యానికి నడుము తీరుస్తారు. తయారైనదాన్ని చేతికిచ్చి మీటి చూడమన్నారు. నాలుగు నైలాన్ తీగలు. గడ్డానికి దగ్గరగా ఉన్న తీగ మందంగా మోగుతుందనుకుంటాం, కానీ అది పక్కతీగ కన్నా పైస్థాయిలో పలుకుతుంది. తంబురాలో ముందు పంచమం, తర్వాత సారణులు, చివర మంద్రం వచ్చినట్టే ఇక్కడా తీగలు మెట్ల వరుసలో ఉండవు. అందుకే ఎటు నుంచి మీటినా స్వరాలు దగ్గరదగ్గరగా చేరి తళుక్కుమంటాయి.

1879 ఆగస్టులో మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి వచ్చిన పోర్చుగీసు వలసదారులు తెచ్చిన బుల్లి వాద్యం నుంచి పుట్టింది ఈ ఉకులేలే.

నన్ను ఇంతదూరం రప్పించింది మాత్రం హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కమకవివోఒలె పాట. 'ఓవర్ ది రెయిన్‌బో', 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' పాటలను కలిపి, 1988లో తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో ఒక స్టూడియోకు వచ్చి ఒకే టేకులో పాడేశారాయన. మిలన్ బెర్టోసా రికార్డు చేసిన ఆ పాట 1993లో 'ఫేసింగ్ ఫ్యూచర్' ఆల్బమ్‌లో చేరేదాకా బయటికి రాలేదు. అందులో మృదంగం లేదు, వయొలిన్లు లేవు. అంత భారీ మనిషి గొంతులోంచి అంత పలుచటి, తేలికైన స్వరం ఎలా వచ్చిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. 1997లో 38 ఏళ్లకే ఆయన పోయారు. 2010లో ఈ పాట జర్మనీలో మొదటి స్థానానికి చేరింది.

వైకికీలో ఒక సాయంత్రం ఓ హోటల్ పచ్చికలో దీన్ని కీబోర్డు, డ్రమ్ములతో వాయించారు. చప్పట్లు బాగానే మోగాయి, పాట మాత్రం ఊపిరాడక నలిగిపోయింది. ఆ తర్వాత ఇసుక ఒడ్డున ఒక పెద్దావిడ ఉకులేలే ఒక్కటే పట్టుకుని అదే పాట మొదలుపెట్టారు. బొటనవేలితో ఒక తీగ, వెంటనే వేళ్లతో మిగతావి. ఆ వరుసను ఆమె ఒక్కసారీ తొందరపెట్టలేదు. పదాల మధ్య ఖాళీలను ఖాళీగానే వదిలారు. అలల చప్పుడుకు అడ్డురాని వాద్యం అది. పాటకు కావలసిందల్లా ఆ ఖాళీయే.

మర్నాడు కారులో పడమటి తీరానికి వెళ్లాం. వయనయేలో ఇజ్రాయెల్ కంచు విగ్రహం ఉంది. ఇంకా ముందుకు వెళితే మాకువా బీచ్. కోఆ చెక్క శవపేటికలో ఆయన్ను రాష్ట్ర శాసనసభ భవనంలో ఉంచినప్పుడు వేలమంది వచ్చి చూసుకున్నారు. తర్వాత అస్థికలను కలిపింది ఈ నీళ్లలోనే. రోడ్డుకు అవతల మాకువా లోయ. దశాబ్దాలుగా అమెరికా సైన్యం శిక్షణకు వాడుకున్న నేల అది.

అక్కడ నిలబడితే 'ఫేసింగ్ ఫ్యూచర్' మొదటా చివరా 'హవాయి 78' పాట ఎందుకుందో తెలుస్తుంది. హవాయి పూర్వపు రాజూ రాణీ తిరిగి వచ్చి తమ పవిత్ర భూమి మీద రహదారులను చూస్తే ఏమైపోతారని అడిగే పాట అది. ప్రకటనల్లోనూ సినిమాల్లోనూ ఇంద్రధనుస్సు పాటను మాత్రం విడదీసి జోలపాటగా వాడుకున్నారు. నేల పోగొట్టుకున్న జాతి బిడ్డ పాడిన పాటను అంత సులువుగా హాయి గొలిపే నేపథ్య సంగీతం చేసేయడం నాకు బాధగా ఉంటుంది. వినేవాళ్లు దయచేసి ఆ ఒక్క పాటతో ఆగకండి, ఆల్బమ్‌ను మొదటి నుంచి వరుసగా వినండి. తిరుగు ప్రయాణంలో మేము అలాగే విన్నాం.