కాంటూరు మ్యాపులో కొండ వాలు లెక్క: నా అనుభవం

పాడేరు వైపు వాటర్‌షెడ్ పనిలో (వాన నీటినీ మట్టినీ కొండ మీదే ఆపే పని) చేరిన కొత్తలో, కందకాలు తవ్వాల్సిన కొండ వాలు ఎంతో టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు, చూసి తేల్చమన్నారు. నేను చదివింది బీకాం. కాస్త టెన్షన్ పడ్డాను.

అది సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 షీట్. అందులో గోధుమరంగు గీతలే కాంటూర్లు. ఒక గీత పొడవునా నేల ఒకే ఎత్తులో ఉంటుంది. పక్కపక్క గీతలకు ఎత్తులో తేడా 20 మీటర్లు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది కాబట్టి లెక్కపెట్టడం తేలిక. మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ఇక మిగిలింది భాగహారమే: ఎత్తు తేడాను సమతల దూరంతో భాగించాలి.

స్కేలును నీళ్లు దిగే దారిలో, గీతలకు లంబంగా పెట్టాలి. పక్కకి వాలితే దూరం పెరిగి, వాలు తక్కువగా వస్తుంది. పైన 1,060 గీత నుంచి వాగు దగ్గరి 900 గీత దాకా 3.2 సెం.మీ., అంటే 1,600 మీటర్లు. ఎత్తు తేడా 160. వాలు 10 శాతం.

అక్కడితో ఆపబుద్ధి కాలేదు. పైన గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టున్నాయి, కింద ఎడంగా ఉన్నాయి. విడిగా కొలిచాను. 1,060 నుంచి 960 దాకా 8 మి.మీ. మాత్రమే: 400 మీటర్లకు 100 మీటర్ల దిగుడు, 25 శాతం. కింద 1,200 మీటర్లకు 60, అంటే 5 శాతం. సగటున వచ్చిన ఆ పది, పై భాగానికీ సరిపోదు, కింది భాగానికీ సరిపోదు. వాలు పెరిగేకొద్దీ కందకాల మధ్య ఎడం తగ్గించాలి కాబట్టి, పది పట్టుకుని ప్లాన్ వేస్తే పైన మట్టి ఆగదు. వాలు మారే ప్రతిచోటా ముక్క చేసి కొలవాలని అందుకే గట్టిగా చెబుతాను.

25 శాతమంటే 25 డిగ్రీలు కాదు, సుమారు 14. నూరు శాతానికి 45 డిగ్రీలు.

స్కేలు అర మిల్లీమీటరు అటూఇటూ అయితే నేల మీద 25 మీటర్ల తేడా. అప్పుడు ఆ 25 శాతం 23కీ 27కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పైగా 20 మీటర్లలోపు ఎగుడుదిగుళ్లు ఈ షీట్‌లో కనిపించకపోవచ్చు. అందుకే తవ్వే గీత గుర్తు పెట్టడానికి ఏ-ఫ్రేమ్ వాడాం: మూడు కర్రలు, ఒక దారం, దానికి వేలాడే రాయి. దారం అడ్డకర్ర నడిమి గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు.