జ్వరం తగ్గిన రాత్రి

మా అన్నయ్య డెంగ్యూతో పోయాడు. అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్. ఐదో రోజు జ్వరం దిగింది. "జ్వరం తగ్గిందిగా, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు ఆ క్లినిక్ డాక్టరు. కడుపునొప్పి అంటున్నాడు, వాంతులు ఆగట్లేదు అని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే అని తర్వాత ఖమ్మంలో చెప్పారు. అప్పటికే బీపీ పడిపోయింది. ఇంటికి తీసుకెళ్లమన్న ఆ డాక్టరుని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

పదకొండో రోజున వచ్చినవాళ్లంతా నాతో ఒకటే మాట. "ఏడవకమ్మా, నువ్వేడిస్తే మీ అమ్మ తట్టుకోలేదు. ఇక కొడుకైనా కూతురైనా నువ్వే." ఏడుపు ఆపేశాను. కాలేజీకి వెళ్లాను, మార్కులూ వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి వానాకాలం నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. ఒక అర్ధరాత్రి చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. వేరేవాళ్లయితే హమ్మయ్య అనుకునేవాళ్లు. నాకు మాత్రం చావు వచ్చేసిందనిపించింది. గుండె దడదడా కొట్టుకుంటోంది, ఊపిరి అందడం లేదు, చేతివేళ్లు కొంకర్లు పోయి విప్పుదామన్నా రావడం లేదు. నాన్న బండి మీద మధ్యలో నేను, వెనక నన్ను పట్టుకుని అమ్మ. "నాకు నువ్వొక్కదానివే" అని దారంతా అంటూనే ఉంది. ఈసీజీ బాగుంది, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. "ఏం లేదు, యాక్షన్ చేస్తోంది" అన్నాడు డ్యూటీ డాక్టరు.

అక్కడున్న నర్సమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా సాగదీస్తూ "ఇంట్లో ఎవరైనా పోయారా తల్లీ?" అని అడిగింది. ఆమె రుణం తీరేది కాదు. సైకియాట్రీ ఓపీకి పంపిందీ ఆమే. అక్కడి మేడమ్ అది పానిక్ అటాక్ అన్నారు, మందులు రాశారు, వారం వారం రమ్మన్నారు. మీ అన్నయ్య గురించి చెప్పు అన్నారు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అది. పెరుగన్నంలోకి మిరపకాయ బజ్జీ నంజుకునేవాడని చెబుతూ చెబుతూ భోరుమన్నాను.

"పిచ్చిమందులు మింగితే రేపు పెళ్లెలా అవుతుంది" అన్న చుట్టాలూ ఉన్నారు. మీ పిల్లలకి ఇలా ఉంటే అలాంటి మాటలు చెవిన పెట్టకండి. 14416 కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు, అంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్లు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అడగరు.

ఈ మధ్యే అమ్మ నా కోసం మొక్కిన మొక్కు భద్రాచలంలో తీర్చుకుంది. అన్నయ్య కోసమూ ఆ రాములవారికే మొక్కింది. ఆయన మీద నా కోపం ఇంకా పోలేదని గుడిలోనే అమ్మతో అన్నాను. "నాకూ ఉందే" అంది.