మోటరు ఆగితే పెరిగే లీటర్లు

మధ్యాహ్నం దాకా నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే సరిపోయింది. మేం బిగించిన బోరు నీళ్ల లెక్క బాక్సు, చుక్క నీరు రాకపోయినా లీటర్లు ఎక్కిస్తోందని కంప్లైంట్. మీటరులో రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే స్విచ్) ఉంటుంది, పది లీటర్లకోసారి మూసుకుని ఒక పల్స్ ఇస్తుంది. ఆ వైరు బాక్సులోని ఏటీమెగా328పీ చిప్ ఐఎన్‌టీ0 పిన్‌కి వస్తుంది. పిన్ మీద వోల్టేజ్ పైనుంచి కిందికి పడితే (ఫాలింగ్ ఎడ్జ్) చిప్ చేస్తున్న పని ఆపి ఒక పల్స్ లెక్కేస్తుంది, అదే ఇంటరప్ట్.

దారిలో ఉండగానే జూనియర్ ఫోన్. "సార్, డిబౌన్స్ టైమ్ పెంచి కొత్త కోడ్ పంపనా?" డిబౌన్స్ అంటే స్విచ్ అదిరి ఒకే పల్స్ రెండుసార్లు లెక్కపడకుండా కాసేపు ఆగడం. వద్దన్నాను. ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు కోడ్ మీదకే పోతుంది. ఇంటరప్ట్ ఊరికే రాదు, పిన్ దగ్గర ఏదో జరిగితేనే వస్తుంది. 16 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద 62.5 నానోసెకన్లు దాటిన పల్స్ ఏదైనా ఆ చిప్‌కి లెక్కే. అది మీటరు నుంచి వచ్చిందా, పక్కనున్న మోటరు స్టార్టర్ నుంచి వచ్చిందా అన్నది దానికి అనవసరం.

వాచ్‌మన్‌ని స్టార్టర్ దగ్గర నిలబెట్టి "ఆన్ చెయ్ అన్నా, ఇప్పుడు ఆపు" అంటూ డిస్‌ప్లే చూస్తూ కూర్చున్నాను. ఆన్ చేస్తే ఏమీ లేదు. ఆపిన ప్రతిసారీ కాదుగానీ, చాలాసార్లు టక్కున పది లీటర్లు. మీటరు వైపు వైరు ఊడదీశాను, అయినా పెరుగుతోంది. బాక్సు వైపు కూడా తీసేస్తే ఆగిపోయింది. అంటే దొంగ దొరికినట్టే: మీటరు కాదు, మధ్యలో ఉన్న వైరు. చూస్తే దాన్ని మోటరు కేబుల్‌తో కలిపి పొడవునా టై కట్టి ఉంచారు. దానికి ఆసరా చిప్‌లోని పుల్-అప్ (పిన్‌ని పై వోల్టేజ్‌కి పట్టి ఉంచే రెసిస్టర్) ఒక్కటే, అదీ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, అంటే పట్టు బలహీనం. స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటరుకి కరెంటు కలిపే స్విచ్) కాయిల్ వదిలేటప్పుడు వచ్చే స్పైక్‌ని అది ఏం ఆపుతుంది!

పట్టు పెంచి స్పైక్‌ని వడకట్టడానికి 4.7కె పుల్-అప్ వైరు వైపు, సిరీస్‌లో 1కె, పిన్ దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్ వేశాను. కాయిల్‌కి ఆర్‌సీ స్నబ్బర్ (స్పైక్‌ని మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత). ఎలక్ట్రీషియన్ డయోడ్ వేద్దామన్నాడు గానీ, అది ఏసీ కాయిల్, డయోడ్ డీసీ కాయిల్‌కే. ఆ తర్వాత వాచ్‌మన్ విసుగెత్తేదాకా ఆన్, ఆఫ్ చేయించాను, అంకె కదల్లేదు.

ఇంకోటి మిగిలింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక పల్స్ అదనం. ఇది మాత్రం కోడ్‌దే. ముందు ఎడ్జ్ సెట్ చేసి, పుల్-అప్ తర్వాత ఆన్ చేస్తున్నాం. ఆ మధ్యలో పిన్ గాలిలో ఉంటుంది, ఎడ్జ్ వచ్చిందన్న గుర్తు (ఫ్లాగ్) నమోదై ఉంటుంది, ఇంటరప్ట్ ఎనేబుల్ చేయగానే పేలుతుంది. పుల్-అప్ ముందుకు జరిపి, ఎనేబుల్ చేసేముందు ఆ ఫ్లాగ్ క్లియర్ అయ్యేలా ఈఐఎఫ్ఆర్‌లో (ఫ్లాగులుండే రిజిస్టర్) ఆ బిట్‌కి 1 రాయమని జూనియర్‌కి చెప్పాను. "క్లియర్ చేయడానికి 1 రాయడమేంటి సార్?" అన్నాడు. డేటాషీట్ చదవమన్నాను.

అసలు ఈ మీటరుకి ఇంటరప్ట్ దేనికని తిరుగు దారంతా ఇదే ఆలోచన. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య సెకన్లు పడుతుంది, కరెంటు ఆదాకి బాక్సు నిద్రపోయేదీ కాదు. టైమర్‌లో 10 మిల్లీసెకన్లకోసారి పిన్ చదివి, వరుసగా నాలుగైదుసార్లు 'లో' (తక్కువ వోల్టేజ్) వస్తేనే లెక్కేస్తే చాలు. తర్వాతి వెర్షన్‌లో అలాగే చేద్దామని జూనియర్‌కి మెసేజ్ పెట్టాను. వైరుని వేరే పైపులో లాగే పని ఎలక్ట్రీషియన్‌ది, ఆదివారం వస్తానన్నాడు.