జ్వరం వస్తే ప్రార్థన ఆటోలో చేద్దాం

అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ప్రేమతోనే వచ్చారు, అది ముందే చెప్పాలి. కానీ మంచం పక్కన కూర్చుని "విశ్వాసముంచండమ్మా, ఆ కీమోలు ఒంటిని పాడుచేస్తాయి, ప్రభువే ముట్టి స్వస్థపరుస్తాడు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన, మా సంఘం కాదు, వేరే ఊరి నుంచి వచ్చిన సేవకుడు, ఆపరేషన్‌కి ఒప్పుకోవడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమే అన్నాడు. ఆయన వెళ్ళాక అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. గడ్డ కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు, తాతల కాలం నుంచి లూథరన్ సంఘం. మా పెద్దలకు సువార్త ఎవరి చేత అందిందో వైద్యం కూడా వాళ్ళ చేతనే అందింది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆడవాళ్ళు మగ డాక్టర్లకు చూపించుకోవడానికి ఒప్పుకోని రోజుల్లో వాళ్ళకు వైద్యం చేశారు, 1898లో ఆస్పత్రి తెరిచారు. మా నాయనమ్మ కాన్పులన్నీ కుగ్లర్ ఆస్పత్రిలోనే జరిగాయి. అలాంటి ఊళ్ళో నిలబడి ఎవరో వచ్చి ప్రార్థన కావాలా మందు కావాలా తేల్చుకోండి అంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

సంగతి తెలిసి మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు గారు, మరుసటి రోజే వచ్చారు. పెద్ద ప్రసంగమేమీ చేయలేదు, బైబిల్లో చావు జబ్బు పడిన హిజ్కియా రాజు సంగతి ఎత్తారు. "కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ళు ఆయుష్షు పెంచాడు. మరి యెషయా ప్రవక్త ఆయన పుండు మీద అంజూరపు ముద్ద ఎందుకు పెట్టించాడమ్మా?" అన్నారు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ ఆపరేషన్ కాగితం ఏదీ, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కష్టమంతా తర్వాత కీమోలతో మొదలైంది. మొదట మూడు వారాలకొకసారి ఇచ్చారు. అందులో ఒక మందు ఎర్రగా ఉంటుంది, అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది, రక్తం కాదు భయపడకండి అని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాళ్ళం. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి కానీ వాసనలు మాత్రం అమ్మకు అస్సలు పడేవి కావు, వంటింట్లో పోపు వేస్తే గోడ వైపు తిరిగి పడుకునేది. రాగిజావ బాగా చల్లార్చి, పల్చటి మజ్జిగ, మెత్తగా ఉడికిన ఇడ్లీ, ఇవే నడిచాయి. నోరు పూసినప్పుడు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించమన్నారు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకే జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైంది. చర్చిలో ఎలాగూ ముసుగు వేసుకుంటావు కదా, ఎవరికీ తెలియదులే అని మా పిన్ని అంది. అమ్మకు అది ఓదార్పు కాలేదు. జుట్టు కోసం ఏడ్చింది, ఏడవనిచ్చాం.

ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్యలో రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళ వేసి పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, అర్ధరాత్రి అయినా సరే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మాకు అలాంటి రాత్రి వచ్చింది. అమ్మ చలికి వణుకుతోంది, థర్మామీటర్ పెడితే 101. పిన్ని తలకు రాసి ప్రార్థించే నూనె సీసా పట్టుకుని "ఒక్క అరగంట ప్రార్థన చేసుకుని బయల్దేరదాం అక్కా" అంది. నాన్న ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గట్టిగానే "ప్రార్థన ఆటోలో చేద్దాం, ముందు ఎక్కు" అన్నాడు. పిన్ని దారంతా అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే వచ్చింది. వెళ్ళీ వెళ్ళగానే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంకా ఆలస్యం చేసుంటే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టర్ గారు చెప్పారు.

ఆ తర్వాత సంఘానికి నేనే విడమరిచి చెప్పాను. చేయి పట్టుకుని ప్రార్థించాలనుకునేవాళ్ళు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఫోన్‌లో ప్రార్థన చేయాలి. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, ఫర్వాలేదు. ప్రభు బల్ల, అంటే చర్చి ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం, అయ్యగారే ఇంటికి తెచ్చి విడి కప్పులో ఇచ్చారు. స్త్రీల సమాజం వాళ్ళు వంతులు వేసుకుని నాన్నకు క్యారేజీ పంపారు, తమ్ముడి పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొచ్చారు. రక్తం కావాల్సి వస్తే యూత్ పిల్లలు వచ్చి ఇచ్చారు. ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలో జరిగాయి గానీ ఆటో ఛార్జీలకు, బయట కొనే మందులకు చేతిలో డబ్బు ఉండాలి కదా, ఎవరో పేరు రాయని కవరు బైబిల్ కింద పెట్టి వెళ్ళేవాళ్ళు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు కూడా పెట్టారు, వాటిని నేను ఎంతమాత్రం తక్కువ చేయను, ఆ ప్రార్థనలే నాన్నను నిలబెట్టాయి.

బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బు పడిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే, నోరు తెరిచాకే అంతా చెడింది. మా పక్కింటి ఆవిడ మన మతం కూడా కాదు, రోజూ మధ్యాహ్నం వచ్చి గోంగూర వలుస్తూ అమ్మ దగ్గర కూర్చునేది, రోగం మాటే ఎత్తేది కాదు. ఆమె వచ్చిన రోజు అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఒకసారి అమ్మ "నాకు ప్రార్థన రావట్లేదు, దేవుడి మీద కోపంగా ఉంది" అంది. మా ఇంట్లో అలాంటి మాట అంతకుముందు ఎవరమూ వినలేదు. నాన్న "నువ్వు పడుకో, నీ వంతు కూడా మేం చేస్తాం" అన్నాడు, అంతే, ఇంకేమీ నచ్చజెప్పలేదు.

ఇప్పుడు కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, కూడా అయిపోయింది. రోజూ హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర ఒకటి వేసుకోవాలి, ఐదేళ్ళు. ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ చూడనివ్వడం లేదు, సూది వేయనివ్వడం లేదు, వాపు వస్తుందేమోనని. చేతివేళ్ళకు తిమ్మిర్లు ఇంకా పూర్తిగా పోలేదు, పూలు కట్టలేకపోతోంది. చెకప్ అంటే ఇంట్లో అందరికీ టెన్షనే.

స్త్రీల సమాజంలో అమ్మను సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పమని అడిగారు. చెప్తానంది. అయితే ప్రభువు బాగుచేశాడు అని ఒక్క మాట చెప్పి కూర్చోనని, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గురించి కూడా చెప్తానని ముందే అయ్యగారితో చెప్పేసింది. తన గడ్డ నొప్పి లేదని నెలల తరబడి దాచుకున్న సంగతి కూడా చెప్తుందట, రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదని, సిగ్గుపడకుండా చూపించుకోమని. మగవాళ్ళు ఉంటే ఆడవాళ్ళు సరిగా వినరు, ఆ రోజు మీరు కూడా బయటే ఉండండి అయ్యగారూ అంది. ఆయన సరేనన్నారు.