ఎడమామే: డబ్బాలోకి డిప్, కంచంలోకి పచ్చడి

అమెరికాలో పెరిగే పిల్లలకు ఎడమామే కొత్తేమీ కాదు. ఉప్పు చల్లిన కాయను పళ్ల మధ్య పెట్టి లాగి గింజలు తినడం చాలామందికి చిన్నప్పుడే వచ్చేస్తుంది. జపనీస్‌లో 'ఎద' అంటే కొమ్మ, 'మామే' అంటే గింజ. ముదరకముందే కోసిన సోయా చిక్కుడన్నమాట. గింజ మీద ఇష్టం ముందే ఉంది కాబట్టి మన పని సగం అయిపోయినట్టే. ఒక్కసారి ఉడికించి రుబ్బితే సగం స్కూలు డబ్బాలోకి డిప్‌గా పోతుంది, మిగతా సగం పోపు పడి అన్నంలోకి పచ్చడి అవుతుంది. వారం మధ్యలో పిల్లలకొకటి, పెద్దలకొకటి వండే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ పద్ధతిలో ముద్ద ఒకటే, చివర కలిపేవే వేరు.

గింజలు ఒలిచిన ఫ్రోజెన్ ప్యాకెట్ తీసుకోండి. 12 ఔన్సులది, అంటే 340 గ్రాములది, నలుగురికి సరిపోతుంది. 6 కప్పుల నీళ్లు తెర్లాక టీస్పూన్ ఉప్పు వేసి గింజలు పోయండి. ప్యాకెట్ మీద 3 నుంచి 5 నిమిషాలని రాసి ఉంటుంది, అది నమిలి తినేవాళ్ల లెక్క. రుబ్బడానికి నీళ్లు మళ్లీ తెర్లినప్పటి నుంచి 8 నిమిషాలు ఉడకాలి. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పలుకు తగలకుండా మెదగాలి. పలుకు తగిలితే ఇంకో 2 నిమిషాలు. ఇక్కడ తొందరపడితే తర్వాత మిక్సీ ఎంతసేపు తిప్పినా ముద్ద ఇసకలాగే ఉంటుంది. పైగా పసరు వాసన పోదు. సోయాలో ఉండే ఒక ఎంజైము, గింజ నలిగి గాలి తగలగానే ఆ వాసన పుట్టిస్తుంది. బాగా ఉడికితేనే అది చస్తుంది. ఫ్రోజెన్ గింజలు ఒకసారి వేడినీళ్లలో ముంచి తీసినవే కదా అని నేరుగా రుబ్బకండి. ఫ్రీజర్ చలికి లిస్టీరియా లాంటి సూక్ష్మజీవులు చావవు. కుక్కర్ మాత్రం వద్దు. మెత్తబడతాయి గానీ రంగు పోతుంది.

ఉడికిన నీళ్లు అరకప్పు తీసి పక్కన పెట్టి, మిగతావి వంచేసి, గింజల మీద నిమిషం పాటు చన్నీళ్లు పోయండి. పూర్తిగా చల్లారనక్కర్లేదు, గోరువెచ్చగా ఉంటే చాలు. గోరువెచ్చని గింజ బాగా నలుగుతుంది. పొగలు కక్కేది మిక్సీలో వేస్తే ఆవిరి మూతను తన్నేస్తుంది. జల్లెడలో 5 నిమిషాలు వదిలేసి నీరంతా కారాక ఒక గుడ్డ మీద పరవండి.

ఇప్పుడు తోలు సంగతి. ఒక్కో గింజ మీదా పల్చని, గాజులాంటి పొర ఉంటుంది. అది ఉంటే రుచికి లోటు లేదు, పీచు కూడా వస్తుంది. కానీ నాలుక మీద పొట్టు తగిలితే చాలు, డబ్బా అలాగే ఇంటికి తెచ్చేసే పిల్లలుంటారు. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి ఒక చివర నొక్కితే పప్పు అవతలి చివర నుంచి టక్కున జారి పడుతుంది. చిత్తూరు వైపు సంక్రాంతి రోజుల్లో అనపగింజలు నానబెట్టి చేసే పని సరిగ్గా ఇదే. పితికిన పప్పు అన్న పేరు దాన్నుంచే వచ్చింది. ఇద్దరు పిల్లలు కూర్చుంటే ఒక ప్యాకెట్టు అరగంటలోపు అయిపోతుంది. తీసింది పక్క గిన్నెలో పడాలి, ఎదుటివాడి మొహం మీద కాదు, కాబట్టి గిన్నె లోపలికి వంచి పితకమని ముందే చెప్పండి. పితకడం అనే మాట ఒకసారి వేళ్లకు తెలిస్తే నోట్‌బుక్‌లో రాయించాల్సిన పని లేదు.

మాటల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఇంగ్లీషులో చాలావాటికి గ్రైండ్ అనేస్తే సరిపోతుంది. మనకు రోట్లో పచ్చడి నూరడం, దోసెల పిండి రుబ్బడం, కారం దంచడం, తిరగలితో విసరడం, పప్పుగుత్తితో మెదపడం అన్నీ వేరు. ఎంత నలిగిందో చెప్పడానికి కచ్చాపచ్చాగా, బరకగా, మెత్తగా, వెన్నలా అనే మెట్లున్నాయి. ఇవి పుస్తకంలో నేర్పితే రావు. గిన్నె ముందు పెట్టి "కన్నా, ఇది ఇంకా బరకగా ఉందా, మెత్తబడిందా, వేలు పెట్టి చూసి చెప్పు" అంటే వస్తాయి. జవాబు ఇంగ్లీషులో వస్తే సరిదిద్దకండి, "ఆ, బరకగానే ఉంది, ఇంకోసారి తిప్పుదాం" అని తెలుగులో కొనసాగించండి. పరీక్ష పెడుతున్నట్టు అనిపించిన మరుక్షణం పిల్లలు వంటింట్లోంచి వెళ్లిపోతారు.

మూడు నాలుగేళ్ల వాళ్లకు పప్పుగుత్తి ఇచ్చి కొన్ని గింజలు మెదపమనండి. ఆ వయసులో గింజలు గింజలుగా తినిపించకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఆరేడేళ్లకు పితకడం, తొమ్మిది పదేళ్లకు మిక్సీ మూత నొక్కి పట్టుకుని ఆపి ఆపి తిప్పడం వస్తాయి. పోపు దగ్గరికి మాత్రం పన్నెండు దాటాక, అదీ పక్కన మీరుండగా. ఆవాలు చిటపటలాడేటప్పుడు మూత డాలులా ఎలా అడ్డం పెట్టాలో చూపించాలి.

రుబ్బేటప్పుడు గింజల్లో ముప్పావు టీస్పూన్ ఉప్పు, 2 టేబుల్ స్పూన్ల నూనె వేసి ముందు నీళ్లు లేకుండా తిప్పండి. గోడలకు అంటుకున్నది గరిటెతో లోపలికి నెట్టి మళ్లీ తిప్పండి. పొడిపొడిగా, తడి ఇసకలా అయ్యాకే దాచిన నీళ్లు ఒక్కో స్పూనే పోస్తూ 3, 4 నిమిషాలు రుబ్బాలి. నీళ్లు ముందే పోస్తే గింజ ముక్కలు బ్లేడుకు దొరక్కుండా తేలిపోతాయి. డిప్‌కు మొత్తం పావుకప్పు నుంచి కప్పులో మూడోవంతు నీళ్లు పడతాయి. బ్రెడ్డు మీద రాయడానికైతే 2 టేబుల్ స్పూన్లతో ఆపేయండి. మన మిక్సీ చట్నీ జార్ ఈ పనికి అమెరికన్ ఫుడ్ ప్రాసెసర్ కంటే బాగుంటుంది. ప్రాసెసర్ గిన్నె వెడల్పు కాబట్టి ఒక్క ప్యాకెట్టు గింజలు అంచులకు చెదిరిపోయి బరకగానే మిగులుతాయి. ఎలా చేసినా సుమారు 2 కప్పుల ముద్ద వస్తుంది.

ఒక కప్పు డబ్బా కోసం తీసి పెట్టండి. అందులో 2 టేబుల్ స్పూన్ల తహీనీ (నువ్వుల ముద్ద), టేబుల్ స్పూనున్నర నిమ్మరసం, చిన్న వెల్లుల్లి రెబ్బలో సగం, పావు టీస్పూన్ వేయించిన జీలకర్ర పొడి. తహీనీ లేకపోతే 2 టేబుల్ స్పూన్ల తెల్ల నువ్వులు సన్న సెగ మీద వేయించి, నూనె తేలేదాకా నూరి వేసుకోవచ్చు. నువ్వులు చిటపటమనగానే దించేయాలి, ఎర్రబడితే డిప్పంతా చేదెక్కుతుంది. నిమ్మరసం ముద్ద చల్లారాకే. పులుపూ వేడీ కలిస్తే ఆకుపచ్చ కాస్తా పాచిరంగుకు తిరుగుతుంది.

రెండో కప్పు మనది. టీస్పూన్ నూనెలో 3 పచ్చిమిరపకాయలు చీల్చి బొబ్బలెక్కేదాకా వేయించి, అదే వేడిలో టీస్పూన్ జీలకర్ర వేయండి. గోళీ అంత చింతపండు 2 టేబుల్ స్పూన్ల వేణ్నీళ్లలో నానబెట్టండి. రోట్లో ముందు మిర్చి, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు నూరి, తర్వాత చింతపండు, చివర గుప్పెడు కొత్తిమీర వేసి కచ్చాపచ్చాగా నలిపి ముద్దలో కలపాలి. రోలు లేకపోతే చిన్న జార్‌లో రెండు తిప్పులు, అంతకు మించి వద్దు. ముద్ద ఎలాగూ మెత్తన, పైన నూరింది కాస్త బరకగా ఉంటేనే రోటిపచ్చడి రుచి వస్తుంది. చింతపండుతో రంగు తగ్గుతుంది, తగ్గనివ్వండి. అన్నంలోకి నిమ్మకాయ కంటే ఇదే నిలబడుతుంది. పోపుకు 2 టీస్పూన్ల నూనె, అర టీస్పూన్ ఆవాలు, అర టీస్పూన్ మినప్పప్పు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, ఒక రెమ్మ కరివేపాకు. వేడన్నంలో ఈ పచ్చడి, పైన నువ్వులనూనె చాలు. కారం తినని పిల్లలుంటే మిర్చి నూరింది విడిగా ఉంచి కంచంలో ఎవరికి ఎంత కావాలో అంత కలపండి. చిన్నవాళ్లు చిటికెడుతో మొదలుపెట్టి తామే పెంచుకుంటారు.

ముద్ద పలచబడితే నీళ్లు సరిగా వంచలేదని అర్థం. శనగలతో చేసే హమ్మస్ ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది గానీ ఎడమామేలో పిండి పదార్థం తక్కువ కాబట్టి దీని మీద ఆ ఆశ పెట్టుకోకూడదు. పుట్నాల పప్పు పొడి ఒక టేబుల్ స్పూన్ కలిపి 10 నిమిషాలు వదిలేస్తే తడిని పీల్చుకుంటుంది. పసరు వాసన మిగిలితే, ఆ భాగాన్ని పచ్చడికి కేటాయించి పోపు నూనెలో 3 నిమిషాలు వేయించండి. డిప్‌గా దాన్ని బాగుచేయలేం.

స్కూలు డబ్బా దగ్గర జాగ్రత్త ఎక్కువే కావాలి. అమెరికాలో లేబుల్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన 9 అలర్జీ పదార్థాల్లో సోయా ఉంది. నువ్వులు 2023 జనవరి 1 నుంచి ఆ జాబితాలో చేరాయి. అంటే ఈ డిప్‌లో రెండూ ఉన్నాయి. పక్కవాళ్లు అడిగితే "సోయా, నువ్వులు ఉన్నాయి" అని ముందు చెప్పి, ఆ తర్వాతే ఇవ్వాలో వద్దో ఆలోచించడం పిల్లలకు నేర్పండి. పంచుకోవద్దనే నియమం ఉన్న స్కూల్లో అసలు ఇవ్వకూడదు. చిక్కదనం కోసం మన అలవాటు కొద్దీ పల్లీలు వేయకండి, చాలా తరగతుల్లో వాటికి అనుమతి ఉండదు. అదే జార్‌లో ముందురోజు పల్లీ చట్నీ చేసి ఉంటే మూత రబ్బరు ఊడదీసి, దాని గాడి కూడా కడగాలి. పల్లీ ముద్ద దాక్కునేది అక్కడే.

ఇలాంటి తడి వంటకం 4 డిగ్రీల సెల్సియస్, అంటే 40 ఫారెన్‌హీట్ దాటిన చోట 2 గంటలకు మించి ఉండకూడదు. పొద్దున్నే చేసి గోరువెచ్చగా డబ్బాలో పెడితే ఐస్ ప్యాక్ దాన్ని చల్లబరచలేదు, చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడమే దాని పని. రాత్రే చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఐస్ ప్యాక్‌తో పంపండి. తినకుండా తెచ్చింది సాయంత్రం పారేయాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్‌లో 3, 4 రోజులు నిలుస్తుంది. ముద్దను నిమ్మరసం, పోపు పడకముందే ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే రెండు నెలలు వాడుకోవచ్చు. కరిగాక నీరు విడుతుంది, స్పూనుతో గట్టిగా కలిపితే సర్దుకుంటుంది.

డబ్బాలోకి ఏది పెట్టాలో పిల్లలనే అడగండి. ఇంగువ వాసన తరగతిలో వద్దనుకుంటే పట్టుబట్టకండి, రాత్రి కంచంలో పచ్చడి ఎలాగూ ఉంది. పోపు పెట్టిందే కావాలని అడిగిన రోజు కరివేపాకు కరకరలాడేదాకా వేయించి చేత్తో నలిపి కలపండి, ఆకు పళ్లకు అంటుకోదు. ఎండుమిర్చి తీసేయండి, మినప్పప్పు ఉండనివ్వండి. మూత బిగుతుగా ఉన్న చిన్న స్టీలు డబ్బాలో 3 టేబుల్ స్పూన్లు, పక్కన కీరా, క్యారెట్ ముక్కలు, చపాతీని త్రికోణాలుగా కోసి పెనం మీద ఎండబెట్టిన చిప్స్ ఒక గుప్పెడు.