వెళ్లొస్తా, ఇత్తెకిమాస్

తెనాలిలో మా అమ్మమ్మ ఇంట్లో గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అనకూడదు. పొరపాటున నోరు జారితే "ఆ మాటేంటే, వెళ్లొస్తా అను" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. ఏడో తరగతి అయ్యాక మేం కాలిఫోర్నియా వచ్చేశాం. ఇక్కడ హైస్కూల్ తొమ్మిదో తరగతిలో మొదలవుతుంది. ఏదో ఒక విదేశీ భాష తీసుకోమన్నారు. స్పానిష్ క్లాసు నిండిపోయిందంటే జపనీస్‌లో చేరాను.

మూడో వారం అనుకుంటా, సెన్సే (టీచర్‌ని అలాగే పిలవాలి) బోర్డు మీద "ఇత్తెకిమాస్" అని రాశారు. ఇంట్లోంచి బయటికి వెళ్లేవాళ్లు అనే మాట అది. "ఇత్తె" అంటే వెళ్లి, "కిమాస్" అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్లు బదులుగా "ఇత్తెరష్షాయ్" అంటారు. అంటే వెళ్లి రండి. నా పక్కనమ్మాయి చెయ్యెత్తి, వెళ్లేటప్పుడు వస్తాననడం ఏంటని అడిగింది. నాకు మాత్రం అమ్మమ్మ గొంతు వినిపించింది. నోట్సులో ఆ మాట పక్కన ఇంగ్లీషు అర్థం రాయబుద్ధి కాలేదు. తెలుగులో "వెళ్లొస్తా" అని రాసుకున్నాను. ఆ నాలుగేళ్లూ అలాగే రాసుకుంటూ పోయాను.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మాకు తెలిసిన ఒక ఆంటీ వాళ్లబ్బాయి గురించి అడిగారు. "జపనీస్ చాలా కష్టమటగా, వాడు ఏపీ దాకా లాగగలడా?" అని. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. జపనీస్‌కి ఈ పరీక్ష 2007లో మొదలైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలైతే భయపడక్కర్లేదని ఆంటీకి చెప్పాను. ఫోన్లో చెప్పడానికి కుదరనిది ఇక్కడ చెప్తాను.

"నిన్న అమ్మ కొన్న పుస్తకం" అనండి. జపనీస్‌లో అది "కినో హహ గ కత్త హొన్". కినో అంటే నిన్న, హహ అంటే అమ్మ, కత్త అంటే కొన్న, హొన్ అంటే పుస్తకం. మధ్యలో ఆ "గ" అనేది కర్తని చూపించే చిన్న ప్రత్యయం. మాటల వరుస మారనే లేదు. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు ముందు పుస్తకం చెప్పి, తర్వాత ఎవరు కొన్నారో, ఎప్పుడు కొన్నారో చెప్తారు. ఆ అలవాటు మానడానికే మా క్లాసులో కొందరికి ఏడాది పట్టింది. క్రియ చివర్లోనే రావాలని సెన్సే పదేపదే చెప్తుంటే, ఇంకెక్కడ వస్తుంది అనుకునేదాన్ని.

నాకు ఒళ్లు పులకరించింది మాత్రం మూడో ఏడు. "తబెతె మిరు" అని నేర్పారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. తిని చూడటం! ప్రయత్నించడానికి మనలాగే వాళ్లూ చూస్తారు. "కత్తె ఒకు" అంటే కొని పెట్టడం. ఒకు అంటే నిజంగానే పెట్టడం. "మొత్తె ఇకు" అంటే పట్టుకెళ్లడం, "మొత్తె కురు" అంటే పట్టుకురావడం. ఆ రోజు ఇంటికి రాగానే వంటింట్లో అమ్మ వెనకాలే తిరుగుతూ ఒక్కొక్కటే చెప్పాను. అమ్మ గరిటె పట్టుకుని అలా ఆగిపోయి, "అయితే ‘రుచి చూడు’ కూడా ఉందా?" అని అడిగింది. అజిమి అని ఉంది. అజి అంటే రుచి, మి అంటే చూడటం.

వాళ్ల అక్షరాల వరుస కూడా పరాయిదనిపించదు. అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. మన వర్ణమాలని గబగబా చదివినట్టు లేదూ? జపాన్ బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం అనే మన దేశపు పాత లిపి చదువుకున్నారు. ఆ చదువు నుంచే ఈ వరుస వచ్చింది. "హ" వరుసని పూర్వం "ప" అని పలికేవారని తెలిశాక, "న" తర్వాత "ప", "మ" రావడం సహజమే అనిపించింది. ఉచ్చారణలో కూడా మనకి కలిసొచ్చేది చాలా ఉంది. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. దీర్ఘాలూ ద్విత్వాలూ పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నవాళ్లకి వీటికి సాధన అక్కర్లేదు.

అలాగని జపనీస్, తెలుగు చుట్టాలని అనను. ఓనొ సుసుము అనే జపాన్ పండితుడు తమిళంతో చుట్టరికం ఉందని వాదించారు గానీ భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా నాకు పని జరిగింది.

చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు మాత్రం కష్టమే. ఏపీకి 410 వచ్చి ఉండాలి. దానికి దగ్గర దారి లేదు, రోజూ రాయాల్సిందే. పరీక్షంతా కంప్యూటర్ మీదే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే జపనీస్ లిపి వస్తుంది. లేఖిని వెబ్‌సైట్‌లో అలాగే తెలుగు టైపు చేసే అలవాటుంది కాబట్టి నాకది కొత్త కాలేదు. కానీ జపనీస్‌లో ఒకే శబ్దానికి నాలుగైదు కాంజీలు ఉంటాయి. కమి అంటే జుట్టు, కాగితం, దేవుడు కూడా. పరీక్షలో ఛాట్ చేసే భాగంలో ఒక్కో ప్రశ్నకి జవాబివ్వడానికి 90 సెకన్లే. ప్రాక్టీస్ టెస్టులో "జుట్టు కత్తిరించుకున్నాను" అని రాయబోయి, హడావుడిలో దేవుడి కాంజీ నొక్కాను. అప్పటి నుంచి పంపే ముందు కళ్లతో ఒకసారి చదవందే వదల్లేదు.

మా క్లాసులో జపాన్ మూలాలున్న పిల్లలు కొందరు ఉండేవారు. మూడో తరం, నాలుగో తరం. ఇంట్లో జపనీస్ లేదు. శాన్‌హోసే జపాన్‌టౌన్‌లో చనిపోయిన పెద్దల్ని తలుచుకునే ఒబొన్ పండక్కి వెళ్లినప్పుడు అందులో ఒకబ్బాయి చెప్పాడు. 1942 నుంచి లక్షా 20 వేల మంది దాకా జపాన్ మూలాలవాళ్లని అమెరికా ప్రభుత్వం క్యాంపుల్లో బంధించింది. బయటికొచ్చాక వాళ్ల తాతమ్మ పిల్లలతో జపనీస్ మాట్లాడటం మానేసిందట. ఆమె మాట్లాడిన భాషనే ఇతను ఇప్పుడు పాఠ్యపుస్తకంలోంచి నేర్చుకుంటున్నాడు. అప్పటిదాకా నేనూ తమ్ముడూ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునేవాళ్లం. ఆ సాయంత్రం నుంచి వాడితో తెలుగే మాట్లాడుతున్నాను.

అన్నిచోట్లా తెలుగు నన్ను గట్టెక్కించలేదు. పన్నెండో తరగతిలో ఫోన్ సంభాషణలు ప్రాక్టీస్ చేస్తున్నాం. ఎవరో నాన్న కోసం ఫోన్ చేశారు, ఆయన ఇంట్లో లేరు, చెప్పాలి. "ఒతోసన్ వ ఇరష్షాయిమసెన్" అన్నాను. "నాన్నగారు లేరండీ" అన్నట్టు, ఎంతో మర్యాదగా. సెన్సే తల అడ్డంగా ఊపారు. బయటివాళ్లతో సొంత నాన్న గురించి చెప్పేటప్పుడు ఆ గౌరవం వాడకూడదు. "చిచి వ ఒరిమసెన్" అనాలి. చిచి అంటే ఉత్త తండ్రి, ఒరిమసెన్ మనల్ని తగ్గించుకుని చెప్పే క్రియ. లోపలివాళ్లు ఉచి, బయటివాళ్లు సొతొ. సొతొ ముందు ఉచిని తగ్గించాలి. ఆఫీసులో అయితే బయటి నుంచి వచ్చిన ఫోన్లో సొంత బాస్ పేరుకి కూడా "సన్" (మన "గారు" లాంటిది) తగిలించరు.

నాకు నోరు రాలేదు. మనకి పెద్దవాళ్లు ఎవరి ముందైనా పెద్దవాళ్లే కదా. రూల్ అర్థమైంది, పలకబోతే గొంతులో ఏదో అడ్డుపడేది. వారం రోజులు అదే టెన్షన్.

ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు చెప్పాను. నాన్నని తగ్గించి మాట్లాడటం ఏంటని తనూ అంటుందనుకున్నా. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "మనమూ అంటాంగా తల్లీ. ఇంటికి పిలిచేటప్పుడు, కలో గంజో మాతో పాటు తాగి వెళ్లండి అంటాం. పాయసం వండి పెట్టుకునే అంటాం. ఎవరికైనా ఏమన్నా ఇచ్చేటప్పుడు ఏదో ఉడతాభక్తి అంటాం" అంది.

జపాన్‌లో బహుమతి ఇచ్చేటప్పుడు "త్సుమరనాయ్ మొనొ దెసు గ" అంటారు. చెప్పుకోదగ్గది కాదు గానీ, తీసుకోండి అని. మొదటి ఏడాదే బట్టీ పట్టిన మాట అది. దాని పక్కన తెలుగు రాయకుండా ఖాళీ వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు సంస్కృతి గురించి ప్రసంగం ప్రాక్టీస్. నాలుగు నిమిషాలు ఆలోచించుకుని రెండు నిమిషాలు మాట్లాడాలి. బహుమతులు ఇచ్చే పద్ధతి గురించి అడిగారు. అమ్మమ్మ మాటతో మొదలుపెట్టాను. "వతషి నొ సొబొ వ" అన్నాను. మా అమ్మమ్మని సొబొ అనడం, గౌరవం తీసేసి, బయటివాళ్ల ముందు. ఈసారి గొంతులో ఏమీ అడ్డుపడలేదు.

మేలో పరీక్ష రాశాను, 5కి 5 వచ్చింది. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ ప్రాక్టీస్ రోజే. క్లాసు అయిపోయాక సెన్సే ఆగమని, ఉడతాభక్తి అంటే ఏంటని అడిగారు. రాముడి వారధికి ఇసుక మోసిన ఉడత కథ వచ్చీరాని జపనీస్‌లో చెప్పాను. ఆవిడ తన నోట్‌బుక్ తీసి, పరాయి భాషల మాటలు రాసే కతకానా లిపిలో ఆ మాట రాసుకున్నారు. అందులో భ లేదు. "ఉదుత బకుతి" అని మెల్లగా చదివి, సరిగ్గా ఉందా అని నా వైపు చూశారు.